మూటలో పొత్తిగుడ్డలు

నా పేరు రాసి ఉన్న ఉత్తరాన్ని నేనే విప్పి, నేనే చదువుకోవడం ఆ డిసెంబరులోనే మొదలు. అప్పటికి నాకు యాభై ఆరేళ్ళు. మా ఊరి బడిలో సాయంత్రంపూట నడిచే వయోజన తరగతికి రెండేళ్ళు పలక పట్టుకుని వెళ్ళాను. అంతకుముందు నాకు ఉత్తరం వస్తే పోస్టుమేన్ చదివేవాడు, వీధంతా వినేది. ఈ ఉత్తరాన్ని మాత్రం వసారాలో కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ చదివాను. అందుకే అందులోని సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియలేదు.

రాసినవాడు ప్రకాశం, మా చెల్లెలి కూతురు సుగుణ భర్త. విశాఖపట్నంలో కొత్తగా కడుతున్న స్టీలు ప్లాంటులో వెల్డింగు పని చేస్తాడు. "అత్తా, సుగుణకి ఎనిమిదో నెల నడుస్తోంది. మనిషి సరిగా తినదు. బిడ్డ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది. ఇరవై నాలుగు సాయంత్రం స్త్రీల కూడిక మా వాటాలోనే జరుగుతుంది. మీరు వచ్చి క్రిస్మస్ వాక్యం చదవాలి. నేను రాసినట్టు తనకి తెలియదు."

నేను మంత్రసానిని. ముప్పై ఏళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో పురుళ్ళు పోశాను. రెండేళ్ళ కిందట సుగుణ తొలి కాన్పుకి పుట్టింటికి వస్తే నేనే పోశాను. మెడకు పేగు చుట్టుకుని పుట్టాడు పిల్లవాడు. ఎంత తట్టినా ఊపిరి తీయలేదు. ఆ కాన్పుకి ముందు సంబరం ఆపుకోలేక నేనొక పని చేశాను. పాత చీర చింపి ఆరు పొత్తిగుడ్డలు కుట్టి పెట్టాను. పుట్టకముందే బిడ్డకి గుడ్డలు సిద్ధం చేయకూడదని మా వైపు పట్టింపు. గుడికి వెళ్ళడం మానేసి రెండు తరాలైనా ఆ పట్టింపు మమ్మల్ని వదల్లేదు. ఆ ఆరింటిలో ఒకదానిలో చుట్టే బిడ్డను పూడ్చిపెట్టాం. "పెద్దమ్మ ముందే కుట్టేసింది, అందుకే" అని ఎవరో అన్నారు. సుగుణ ఆ మాట పట్టుకుంది. ఈసారి పెద్దమ్మ చెయ్యి నా మీద పడకూడదని తల్లితో చెప్పిందట. రెండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు.

కాబట్టి నేను వెళ్ళింది పండగ చూడడానికి కాదు. సుగుణ నన్ను దగ్గరికి రానిస్తుందో లేదో తెలుసుకోవడానికి.

ఇరవై రెండో తారీఖు తెల్లవారుజామున మా ఊరి నుంచి జట్కాలో పార్వతీపురం స్టేషనుకి చేరాను. పాసింజరు ఆరుంపావుకి రావాలి, ఏడుకి వచ్చింది. టిక్కెట్టు మీద ఊరిపేరు నేనే చదువుకున్నాను. చేతిసంచిలో రెండు చీరలు, అరిసెల డబ్బా, చద్దన్నం మూట, అట్ట ఊడిపోతున్న పరిశుద్ధ గ్రంథం ఉన్నాయి. బొబ్బిలి దాటాక కిటికీ పక్క చోటు దొరికింది. గ్రంథం తీసి, కూడికలో చదవవలసిన చోట అరిటాకు ఈనె పెట్టుకున్నాను.

దూత గొల్లలతో మాట్లాడే చోటికి వచ్చి ఆగిపోయాను. వరస చివర "భయపడ" అని ఉంది. కింది వరస మొదట్లో "కుడి" అని ఉంది. భయపడ, కుడి. ఎన్నిసార్లు చదివినా అంతే. ఎదురుగా ఖాకీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు పల్లీలు వొలుచుకుంటున్నాడు. సెలవు అయిపోయి గాజువాక తిరిగి వెళ్తున్నాడట.

"బాబూ, ఇక్కడ కుడి అని ఉంది. మరి ఎడమ ఎక్కడుందో కనపడదేటి?" అని అడిగాను.

అతను వంగి చూసి పక్కున నవ్వాడు. "కుడీ లేదు, ఎడమా లేదమ్మా. రెండు ముక్కలూ కలిపి సదువు. బయపడకుడి. బయపడకండి అని."

నా పక్కన చింతపండు బుట్టతో ఉన్న ముసలామె మూతి తిప్పింది. "ఆ ముక్క అలగే సక్కగా అనొచ్చు కదా! దేవుడికి కూడా గుమస్తాలున్నట్టున్నారు."

పెట్టెలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నవ్వు ఆగాక ఆ మాట నాలో ఉండిపోయింది. నొప్పులు పడుతున్న ఇంటి గడప దాటగానే నా నోట వచ్చే మొదటి మాట అదే. నీళ్ళు కాగాయా, దీపం ఉందా అన్నవి తర్వాత. ముందు "బయపడకే తల్లీ" అంటాను. ముప్పై ఏళ్ళు అన్నాను. దూత కూడా అదే అన్నాడని తెలియడానికి నాకు అక్షరాలు కావలసి వచ్చాయి.

విజయనగరంలో బండి అరగంట నిలబడింది. చద్దన్నం తిని, ఒక టీ తాగాను. ఒంటిగంట దాటాక విశాఖపట్నం. మీలో ఎవరైనా పండగ రోజుల్లో వెళ్తే, స్టేషను బయట రిక్షా బేరం ఎక్కకముందే కుదుర్చుకోండి. వన్ టౌన్ అనగానే రెండింతలు చెప్తారు, దారి ఎత్తుపల్లాలని. నిజమే, మధ్యలో నేను దిగి నడవవలసి వచ్చింది.

సుగుణ వాళ్ళు ఉండేది పోర్టు వైపు సందులో, పాత పెంకుటింట్లో ఒక వాటా. ఒక గది, ముందు చిన్న వసారా. సందులో తీగల మీద ఆరేసిన బట్టల అంచులన్నీ ఎర్రగా ఉన్నాయి. ఓడల్లోకి ఇనుప రాయి ఎత్తేటప్పుడు లేచే ధూళి అట. తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి కావిరంగు తేలుతుందని రిక్షావాడు చెప్పాడు.

సుగుణ వసారాలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపింది. లేవలేదు.

"ఎవులు రాసినారు?" అంది.

"ప్రకాశం."

"అనుకున్నాను." మళ్ళీ రెండుసార్లు చెరిగింది. "కాళ్ళు కడుక్కో. అన్నం ఉంది. పండగ సూసి ఎల్లు పెద్దమ్మా, కాదననను. నా కడుపు మీద మాత్రం సెయ్యి ఎయ్యకు."

అన్నం పెట్టింది. నిండుగా పెట్టింది, కూర రెండోసారి వేసింది. కానీ పడక పక్కవాటాలో ఏర్పాటు చేసింది. అక్కడ ఖాదర్‌బీ ఉంటుంది. ఆమె భర్త దర్జీ, పండగ కుట్టుపనితో ఆ నాలుగు రోజులూ మిషను ఆగలేదు. ఖాదర్‌బీ నాకు చాప వేసి, చిన్న పళ్ళెంలో నాలుగు ఖర్జూరాలు పెట్టింది.

"తిను అక్కా. మా మర్యంబీ, అదే మీ క్రిస్మస్ బిడ్డ తల్లి, కాన్పు నొప్పులతో ఖర్జూరం చెట్టు కిందే కూసుంది. చెట్టే పళ్ళు రాల్చింది. మీ పుస్తకంలో లేదా?"

"మా దాంట్లో పశువుల తొట్టి ఉంది."

"ఏదైనా గానీ, పాపం ఒక్కతే కదా!" అని నిట్టూర్చింది. ఎదిగిన కూతురి గురించి మాట్లాడినట్టు మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించి, "ఈ సుగుణ కూడా ఒక్కతే అయిపోయింది. రోజూ పలకరిస్తాను. గోడకి సెప్పినట్టే" అంది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి సుగుణ చేపలకని బయలుదేరితే నేనూ వెనకే నడిచాను. రావద్దనలేదు. సిటీబస్సులో కొంత దూరం, అక్కణ్ణించి ఇసుకలో నడక. జాలరిపేట ఒడ్డున పడవలు అప్పుడే వచ్చాయి. బుట్టలు దింపుకుంటూ ఆడవాళ్ళు అరుస్తున్నారు. సుగుణ ఎప్పుడూ కొనేది నూకాలు దగ్గర. నూకాలు నలభై ఏళ్ళ మనిషి, మోచేతుల దాకా చేపపొలుసు. ఆమె మా మతం కాదు. కానీ ఏటా క్రిస్మస్ కూడికకి వస్తుందట, కథ వినడానికని.

"ఇదేటే సుగుణా, ఇంత పెద్ద కడుపుతో ఇంకా నువ్వే ఒచ్చేవు? మీ ఆయన కాళ్ళు ఇరిగేయేటి?" అంది నూకాలు. తర్వాత నన్ను చూసి, "ఈవిడెవులు?"

"పెద్దమ్మ."

"పురిటికా? ఓలమ్మ, మంచిదే. మూటాముల్లే సద్దుకున్నారా?"

సుగుణ చేతిలోని కానాగంత చేపను బుట్టలోకి వదిలేసింది. డబ్బు ఇవ్వకుండా, చేప తీసుకోకుండా వెనక్కి తిరిగి నడిచింది. నూకాలు నా వైపు చూసింది. నేను రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. ఆమె నాలుక కరుచుకుని, చేపలు ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది. "నా నోరు పడ. రేపొచ్చి నోరు మూసుకుని కూసుంటాను" అంది.

తిరుగు బస్సులో సుగుణ కిటికీలోంచి ఓడల కేసి చూస్తూ, "ఆ ఆరూ ఏటి సేసేవు?" అంది.

నాకు అర్థమైంది. "ఒకటి వాడితో పోయింది. అయిదు నా పెట్టెలో ఉన్నాయి. పారేయలేకపోయాను."



ఇరవై నాలుగు సాయంత్రం అయిదింటికి కూడిక. ప్రకాశం డ్యూటీ నుంచి పెందరాళే వచ్చి, వసారాకి రంగుకాగితాల తోరణం కట్టి, ఆడవాళ్ళ మధ్య ఎందుకని వీధిలోకి వెళ్ళిపోయాడు. పదిహేనుమంది దాకా వచ్చారు. ఆసుపత్రిలో ఆయాగా చేసేవాళ్ళు, టీచరమ్మ ఒకామె, పోర్టు కళాసీల భార్యలు. ఖాదర్‌బీ గుమ్మం అవతల కూర్చుంది. నూకాలు తలకి నూనె రాసుకుని, పూలు పెట్టుకుని, చేపవాసన పోవాలని చేతులకి పసుపు రాసుకుని వచ్చింది. సుగుణ గదిలోనే ఉంది, కాఫీ పొయ్యి దగ్గర, మాకు వీపు చేసి.

పాటలు అయ్యాయి. నేను గ్రంథం తెరిచాను. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని నావైపు చూసింది. వేలు పెట్టుకునే చదివాను. చక్రవర్తి ఆజ్ఞ, ప్రయాణం, సత్రంలో చోటు లేకపోవడం చదివాను. నేను చదివే తీరుకి వాక్యం నడిచి వెళ్ళినంత మెల్లగా సాగింది. ఎవరూ తొందరపెట్టలేదు.

తల్లి బిడ్డను కని పొత్తిగుడ్డలతో చుట్టిందనే చోట నా వేలు ఆగింది.

నలభై క్రిస్మస్‌లలో నేను ఆ మాట విన్నాను. పాదిరిగారు చదివితే గుర్రపుబండిలా దాటిపోయేది. ఆ సాయంత్రం పొ దగ్గర ఆగి, త్తి దగ్గర ఆగి, గు దగ్గర ఆగాను. ఆగినప్పుడు కనపడింది. చుట్టింది ఎవరు? తల్లే. అప్పుడే కన్న పిల్ల, లేచి, తన బిడ్డను తానే చుట్టుకుంది. నేను పోసిన ఏ పురుట్లోనూ తల్లి చుట్టుకోలేదు. చుట్టడం నా పని, లేకపోతే అమ్మమ్మ పని.

"అమ్మా," నూకాలు నోరు మూసుకుని ఉండలేకపోయింది, "మరి మంత్రసాని ఎవులు?"

"ఎవరూ లేరు నూకాలూ. ఇక్కడ రాయలేదు."

"మొగుడొక్కడేనా? ఆడేటి సేస్తాడు, బయట తిరుగుతాడు!" అంది. కొందరు నవ్వారు. "బొడ్డు ఎవులు కోసేరు? నీళ్ళు ఎవులు కాసేరు? పోనీ, పశువుల శాలలో గుడ్డలెక్కడివి?"

టీచరమ్మ ఏదో వివరించబోయింది. కానీ నూకాలు అడిగింది నన్ను. నా పనిలో ప్రశ్న అది.

"శాలలో దొరికేవి కావు నూకాలూ. గడ్డి దొరుకుతుంది గానీ పొత్తిగుడ్డలు దొరకవు. మెత్తటి పాత బట్ట కావాలి, ఉతికి ఉండాలి. ఆ గుంటపిల్ల ఇంటి దగ్గర బయలుదేరినప్పుడే మూటలో పెట్టుకుని ఉంటుంది." నేను మాట్లాడుతుండగానే నాకు అర్థమవుతోంది. "అంత దూరం. నిండు నెలలు. దారిలో ఏమవుతుందో తెలియదు. పుట్టేది బతుకుతుందో లేదో ఎవరికీ తెలియదు. అయినా ముందే మడతపెట్టి పెట్టుకుంది."

పొయ్యి దగ్గర గిన్నె చప్పుడు ఆగిపోయింది.

సుగుణ వెనక్కి తిరగకుండానే అంది. "మూట కట్టుకున్నాది సరే. ఆ కొడుకైనా బతికేడేటి పెద్దమ్మా? ముప్పై మూడేళ్ళకి సంపేసినారు. మళ్ళా గుడ్డలోనే సుట్టినారు."

టీచరమ్మ "మూడో దినాన తిరిగి లేచాడు..." అని మొదలుపెట్టి, సుగుణ వీపు చూసి ఆగిపోయింది. అది సరైన జవాబే. కానీ ఆ క్షణాన అది అడిగినదానికి జవాబు కాదని ఆమెకీ తెలిసినట్టుంది.

"అవునమ్మా. చంపేశారు," అన్నాను. "అయినా మూట కట్టుకుంది."

తర్వాత కింది వరసలు చదివాను. దూత, పొలంలో గొల్లలు, భయపడకుడి. ఈసారి రెండు ముక్కలూ కలిపే చదివాను. మంత్రసాని లేని పురిటికి ఆ మాట పైనుంచి పంపినట్టు నాకు తోచింది, కానీ పైకి అనలేదు. నూకాలుకి మాత్రం ఇంకో బాధ. "గొల్లోలకే సెప్పేడా? జాలరోలకి కబురు లేదేటి?"

"పెద్దయ్యాక ఆ బిడ్డ మీ జాలరోల కాడికే వచ్చాడు కదే! మీ పడవలోనే నిద్రపోయాడు," అంది ఒక ఆయా.

"అదీ!" అని నూకాలు కాఫీగ్లాసు అందుకుంది. అందరికీ కాఫీ తెచ్చింది సుగుణే. నా గ్లాసు నా చేతికి ఇవ్వలేదు, నా పక్కన నేల మీద పెట్టింది.

పండగనాడు ఉదయం ఆరాధనకి ప్రకాశం, నేను వెళ్ళాం. సుగుణ వస్తుందేమో అని ఇద్దరం వీధి మలుపు దాకా వెనక్కి చూసుకుంటూ నడిచాం. రాలేదు. పదకొండింటికి తిరిగి వస్తే వాటా తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఏదో తడిసిన వాసన, నేలంతా నీళ్ళ మరకలు. "ఏటి సేస్తన్నావు?" అని ప్రకాశం అడిగితే, "పండగపూట ఇల్లు కడుక్కోకూడదేటి?" అని విసుక్కుంది. మధ్యాహ్నం కోడికూర, పులావు, ఖాదర్‌బీ ఇంటికి ఒక గిన్నె, వాళ్ళింటి నుంచి సేమ్యా ఒక గిన్నె. నేను గదిలోకి వెళ్ళబోతే, "అక్కడే కూసో, వడ్డిస్తాను" అంది సుగుణ. నా రాక అక్కరకు రాలేదనుకుని మర్నాటి బండికి సంచి సర్దుకున్నాను.

ఇరవై ఆరున తొమ్మిదింపావు పాసింజరు. ప్రకాశానికి ఉదయం షిఫ్టు, ఆరింటికే గాజువాక బస్సెక్కి వెళ్ళిపోయాడు. రిక్షా పిలిచి ఎక్కుతుంటే సుగుణ వచ్చి పక్కన కూర్చుంది. "స్టేషను దాకా వొస్తాను" అంది. ఎత్తు దగ్గర ఆమెను రిక్షాలోనే ఉంచి నేను దిగి నడిచాను.

బండి కదిలే వేళకి కిటికీలోంచి ఒక కాగితప్పొట్లం నా ఒడిలో పడేసింది. తాడుతో గట్టిగా కట్టి ఉంది.

"పెద్దమ్మా, ఒక్కటి ఇను. కుట్టు. నీ కాడే ఉంచు. నా కంట పడనీకు." ఊపిరి తీసుకుంది. "పెద్దాసుపత్రిలోనే కంటాను. నిన్ను లోపలికి రానీరు, తెలుసు. గుమ్మం కాడ ఉండు. అప్పుడు తే."

"ఎప్పుడు రమ్మంటావు?"

"వొచ్చే నెల సివర. ఉత్తరం నానే రాస్తాను." బండి కదిలింది. ఆమె రెండడుగులు నడిచి ఆగింది. నేను కిటికీలోంచి చెయ్యి చాపాను. చేతిని పట్టుకుని, ఒక్కసారి తన కడుపుకి ఆనించి, వదిలేసింది. లోపల బిడ్డ మడమ నా అరచేతికి తగిలింది.

సింహాచలం దాటాక పొట్లం విప్పాను. వాడివాడి పొరలా మెత్తబడిన నేతచీర, తెల్లది. విప్పి వెలుగుకి పట్టి చూశాను. ఎక్కడా ఎర్ర ధూళి లేదు. వీధిలో ఆరేయలేదన్నమాట. పండగనాడు తలుపు దగ్గరగా వేసుకుని, గదిలో అడ్డంగా తాడు కట్టి, నీళ్ళు నేలమీద కారుతుండగా, లోపలే ఆరబెట్టింది.

విశాఖపట్నంలో చూడవలసినవి చాలా ఉన్నాయంటారు. ఓడలు, కొండమీది దీపం, కొత్త ఫ్యాక్టరీ. నేను చూసింది ఒక సందు, ఒక చేపల ఒడ్డు, ఒక వసారా. విశ్వాసం అనే మాటని పాదిరిగారి నోట ఎన్నోసార్లు విన్నాను. భయం పోవడమే అది అనుకునేదాన్ని. సుగుణకి భయం పోలేదు. నా కంట పడనీకు అనే మాటలో భయం అంతా ఉంది. ఆ భయంతోనే చీర ఉతికింది.

సంచిలోంచి సూదీ దారం తీసి, చీర కొసని పంటితో కొరికి, చింపాను. చర్రుమన్న చప్పుడుకి ఎదురుగా కునుకుతున్న ఒక ముసలామె ఉలిక్కిపడి లేచింది.

"ఓలమ్మ! బంగారంలాటి సీర సింపేస్తన్నావేటి?"

"పొత్తిగుడ్డలకమ్మా. మా అమ్మాయి బిడ్డకి."

"మంచిదే. ఎన్నాళ్ళ పిల్లడు?"

"ఇంకా పుట్టలేదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ కత. ముందే కుట్టకూడదని నీకెవులూ సెప్పనేదా?"

"చెప్పారమ్మా," అన్నాను. సూదిలో దారం ఎక్కడంలేదు. ఆమెకే ఇచ్చాను. గొణుగుతూనే తీసుకుని, కిటికీ వెలుగుకి పెట్టి, కొస తడిపి, ఎక్కించి ఇచ్చింది.

బొబ్బిలి వచ్చేసరికి మొదటి గుడ్డకి నాలుగు అంచులూ మడిచి కుట్టాను.